నాగసిరి పెళ్ళి విందు

కూచిపూడి,
6 మార్చి 2025

పెద్దక్కకి,

నిన్న విభూది బుధవారం. పూజ నుంచి రాగానే నువ్వు ఫోను ఆపేసి బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటావని తెలుసు. పోయినేడు తపస్సు కాలంలో కాఫీ మానేశావు, అంతకుముందేడు మాంసం మానేశావు. వాటితో మాకు పేచీ లేదు. ఈ ఏడు ఫోను మానేస్తే తపస్సు ఎవరికక్కా? నీకా, నాకా? ఈస్టరు దాకా నీతో మాట్లాడాలంటే ఉత్తరమే గతి. పోస్టాఫీసుకెళ్ళి పది కవర్లు అడిగితే కౌంటరు దగ్గరాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవరికండీ ఇన్ని?"

"గుణదలలో మా అక్కకండీ."

"పాపం, ఫోను లేదాండీ?"

"ఉందండీ, బీరువాలో ఉంది" అన్నాను. మళ్ళీ మాట్లాడితే ఒట్టు.

అసలు సంగతికొస్తాను. ఇక్కడి హైస్కూలుకి బదిలీ అయ్యి ఏడాదిన్నర అయిందా, ఊళ్ళో నాకంటూ నలుగురు మనుషులు ఏర్పడ్డారంటే మా పుస్తకాల సంఘం వల్లే. పదకొండు మందిమి. రిటైరైన హిస్టరీ లెక్చరర్ వెంకటరత్నమ్మ గారి వరండాలో ఆదివారం నాలుగింటికి కూచుంటాం. నన్నే కన్వీనరుని చేశారు. అయితే పోయినసారి పుస్తకం మమ్మల్ని ఓడించింది. పూర్తిగా చదివింది ముగ్గురే. ఇంకోసారి ఇలా అయితే సంఘం ఎత్తేసి వంటల గ్రూపు పెడదామంటోంది రామతులసి గారు. సగం మంది తల ఊపారు కూడా.

ఈసారి చారిత్రక నవల చదవాలని తీర్మానం. ఏది అనేదే తగువు. రామతులసి గారు నాలుగు సంపుటాల రాజుల కథ తెచ్చి బల్లమీద పెట్టింది. బల్ల కదిలింది. అందులో నూట ఎనభై పాత్రలట. మా బడిలో కొత్తగా చేరిన బ్లెస్సీకి ఫోనులో చదివే అంతఃపురం ప్రేమకథ కావాలి. వెంకటరత్నమ్మ గారికేమో శాసనాలుంటే తప్ప మింగుడు పడదు.

నాకు మన అమ్మ కుట్టిన "కంటకశిల దీపం" గుర్తొచ్చింది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు అమ్మ వారం వారం కాగితాలు కత్తిరించి, కుట్టి, పాత చీర ముక్కతో అట్ట వేసిందే, అదే. ఇప్పుడు నా దగ్గరే ఉంది. కంటకశిల అంటే ఈ పక్కనున్న ఘంటసాలే కదా, చదివాక అందరం వెళ్ళి మ్యూజియం చూసి రావచ్చు. రేవులో దీపం పెట్టే నాగసిరి, ఓడ మీద వెళ్ళినవాడి కోసం ఎదురుచూపులు! నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నువ్వు పక్కన కూచుని చదివి వినిపించేదానివి. ఆ చివరి పెళ్ళి నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది.

16న ఓటు. ఏమంటావు? ప్రార్థన చేసి చెప్పు.

నీ ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడిన,
శాలిని


గుణదల,
12 మార్చి 2025

చెల్లి శాలినికి,

ప్రభువు కృప మీ ఇంట ఉండాలి.

ఉత్తరం అందింది. నేను బాగున్నాను. కొండ మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు పలకరిస్తోంది. నువ్వు బెండకాయ తింటున్నావా?

ఆ పుస్తకం వద్దు. రామతులసి గారి నాలుగు సంపుటాలే చదవండి. బైబిల్లో వంశావళులు చదువుతూ పెరిగినవాళ్ళం, నూట ఎనభై పేర్లు మనకొక లెక్క కాదు.

కారణం తరవాత రాస్తాను.

మరిది గారిని అడిగానని చెప్పు.

ప్రార్థనలో నిన్ను తలుచుకునే,
శౌరమ్మ


కూచిపూడి,
17 మార్చి 2025

పెద్దక్కా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఓటు నిన్న అయిపోయింది. గుణదల నుంచి కూచిపూడికి నడుచుకుంటూ వచ్చినా నీ ఉత్తరం శనివారానికి చేరేది.

మన పుస్తకమే గెలిచింది! ఏడుకి నాలుగు. జరిగింది విను.

"ఎవరు రాసిందండీ ఇది?" అంది రామతులసి గారు.

"ఏదో కలంపేరండీ. వారపత్రికలో వచ్చింది. పుస్తకంగా అచ్చు కాలేదు."

"పుస్తకంగా రానిదాన్ని పుస్తకాల సంఘంలో ఎలా చదువుతాం తల్లీ?"

"మా అమ్మ కుట్టింది కదండీ. అప్పుడే పుస్తకమైపోయింది."

బ్లెస్సీ చెయ్యెత్తింది. "మేడం, చివర ఎవరైనా పోతారా? పోయినసారి నవల్లో ఎనిమిది మంది పోయారు. నా మొహం చూసి మా ఆయన, మీ వాళ్ళెవరికన్నా బాలేదా అని అడిగాడు."

"చివర పెళ్ళి. పూచీ నాది" అన్నాను.

అప్పుడు వెంకటరత్నమ్మ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పెళ్ళా? నాగసిరికా? నువ్వు సరిగ్గా చూశావా అమ్మాయ్?"

ఆవిడా ఆ రోజుల్లో చదివారట!

"సరిగ్గా చూడ్డమేమిటండీ, మా అక్క పక్కన కూచుని చదివి వినిపించింది" అన్నాను.

"అయితే చదవాల్సిందే" అన్నారు. ఆ మాటతో ఇంకో మూడు చేతులు లేచాయి.

ఇవాళ పొద్దున్నే జిరాక్సు తీయించేశాను. పదకొండు ప్రతులు, పైన ప్లాస్టిక్ అట్టలు. ఇప్పుడు నువ్వు వద్దంటే ఎలా? కారణం నాకు తెలిసిందిలే. అది బౌద్ధుల కాలం కథ, సగం కథ స్తూపం దగ్గరే జరుగుతుంది, ఫాదర్ గారు ఏమన్నా అనుకుంటారనే కదా? మాలో ఇద్దరం తప్ప అందరూ హిందువులేనని చెప్పు ఆయనకి. లేకపోతే, అమ్మ పుస్తకం నలిగిపోతుందని బెంగా? జిరాక్సు కుర్రాడి చేతికి ఇవ్వలేదు. నేనే నిలబడి ఒక్కో కాగితం పసిపిల్ల బట్టలు మార్చినట్టు తిప్పాను.

బెండకాయ తింటున్నాను.

గెలిచిన ఆనందంలో,
శాలిని


గుణదల,
21 మార్చి 2025

చెల్లి శాలినికి,

దేవుడు నీ నోటికి కొంచెం, చెవికి మరికొంచెం బలం ఇవ్వాలి.

ఫాదర్ గారికి ఈ పుస్తకం ఉన్నట్టే తెలీదు. ఆయన క్రికెట్ తప్ప మరొకటి చూడరు. అమ్మ పుస్తకం నలిగినా నాకు బెంగ లేదు. కాగితం నలగడానికే.

చివరి పదకొండు పేజీలు, నేను చేత్తో రాసినవి, ఎవరికీ ఇవ్వకు. ఇస్తే వెనక్కి తీసుకో.

కారణం రాద్దామని నిన్న కూచున్నాను. మూడు కాగితాలు చింపాను. మళ్ళీ కూచుంటాను.

తమ్ముడు బాలశౌరి భవానీపురం నుంచి వచ్చి వెళ్ళాడు. నీకు నిమ్మకాయలు పంపమన్నాడు. ఉత్తరంలో పంపలేనన్నాను.

నీ మేలు కోరే,
శౌరమ్మ


కూచిపూడి,
26 మార్చి 2025

పెద్దక్కా,

నీ దస్తూరి చూసి నవ్వుతారనా ఇంత దాపరికం? పదిహేనేళ్ళ పిల్ల రాతంటే ఎవరూ నమ్మలేదు. "అచ్చు కంటే ఇదే బాగుంది" అని రామతులసి గారే అంది. ఆవిడ మెచ్చుకోవడమంటే ఈ ఊళ్ళో ప్రభుత్వ బహుమతి లాంటిది. ఆ వారం పత్రిక కొట్లో అయిపోతే నువ్వు హాస్టలు సిస్టరు గారి ప్రతి చూసి రాసుకొచ్చావని అందరికీ చెప్పాను. కాబట్టి సిగ్గుపడకు, మూడు కాగితాలు చింపకు.

ఇంతకీ అసలు వింత ఏమిటంటే, పదకొండు మందీ చివరిదాకా చదివేశారు! పది రోజుల్లో! సంఘం పుట్టాక ఇదే మొదలు. పాలవాడి దగ్గర కూడా నాగసిరి మాటలేనట.

కానీ చిన్న చిక్కొచ్చింది. నిన్న వెంకటరత్నమ్మ గారు పిలిపించారు. వెళ్ళేసరికి రామతులసి గారూ బ్లెస్సీ అక్కడే ఉన్నారు.

"అమ్మాయ్, మిరపకాయ ఈ దేశానికి ఓడల మీద వచ్చి గట్టిగా అయిదొందల ఏళ్ళు. కంటకశిల రేవు పూడిపోయి అంతకు ముందే ఎన్నో వందల ఏళ్ళయింది. మరి నాగసిరి పెళ్ళి విందులో పండుమిరప పచ్చడి ఎవరు నూరారు?"

ఆవిడ ఇంకో పేజీ తిప్పారు.

"ఓడ రావాలని నాగసిరి తొమ్మిది రోజులు చెప్పుల్లేకుండా నడిచి ప్రార్థన చేసిందిట. సరే, పోనీ. పెళ్ళివారంతా కొవ్వొత్తులు పట్టుకుని కొండ ఎక్కడమేమిటి?"

"ఘంటసాలలో కొండెక్కడుంది మేడం?" అంది బ్లెస్సీ.

రామతులసి గారు ఆ అవకాశం వదులుతుందా? "శాలిని గారూ, మీ నాగసిరి గుణదల తిరునాళ్ళకి గానీ వచ్చిందేమో కనుక్కోండి" అంది. ముగ్గురూ ఒకటే నవ్వు.

నాకు ఒళ్ళు మండింది. "రాసినాయన తప్పు రాసి ఉంటాడు. మా అక్క మాత్రం చూసి రాసేటప్పుడు కామా కూడా వదలదు. మా అక్క పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధం ఆడలేదు. కావాలంటే మా వీధి వీధంతా చెబుతుంది" అన్నాను.

వెంకటరత్నమ్మ గారేమో వాళ్ళ అత్తగారు కూడా ఆ సీరియల్ కుట్టించారనీ, అటకమీద ఎక్కడో ఉండాలనీ అన్నారు. 6వ తారీకు ఆదివారం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం. మా అక్క రాసింది తప్పని తేలితే సంఘం రామతులసి గారి చేతిలో పెట్టి, ఆ నాలుగు సంపుటాలూ నేనే ముందు చదువుతానని పందెం కాశాను. వంటల గ్రూపు పెట్టుకున్నా సరేనన్నాను.

భయమేం లేదు. నువ్వున్నావుగా.

నీ మాటే నా ధైర్యంగా,
శాలిని


గుణదల,
1 ఏప్రిల్ 2025
స్పీడ్ పోస్టు

శాలినీ,

దీవెనలు చివర రాస్తాను. ముందు ఇది చదువు.

ఆ పదకొండు పేజీలూ నేను కల్పించినవి. సిస్టరు గారి ప్రతి చూసి రాయలేదు. పత్రిక కొట్లో అయిపోనూ లేదు. నేనే కొన్నాను, ఇంటికి వస్తూ దారిలో నిలబడి చదివాను. నాగసిరి తుఫానులో దీపం పట్టుకుని సముద్రంలోకి నడిచి వెళ్ళిపోతుంది. ఓడ రాదు.

అది 1983 ఫిబ్రవరి. నీకు ఏడేళ్ళు. జ్వరం పంతొమ్మిదో రోజు. మందు వేసుకోనని మారాం చేసేదానివి. "నాగసిరి ఏమైందో చెబితే మింగుతా" అనేదానివి. అదొక్కటే నీతో మందు మింగించేది. ఇంటికొచ్చి నేను ఏం చెప్పాలి?

పెరట్లో రోటి దగ్గర కూచుని రాశాను. అమ్మ పండుమిరపకాయలు నూరుతోంది. నీకు బార్లీ నీళ్ళు తప్ప ఏమీ పెట్టవద్దన్నారు. నువ్వు ఆ పచ్చడి కావాలని ఏడ్చావు. పెట్టలేక విందులో పెట్టాను. కొవ్వొత్తులూ కొండా కూడా నావే. తిరునాళ్ళు అయి పదిరోజులే అయింది. నేను చూసిన ఊరేగింపు అదొక్కటే, మరో ఊరేగింపు ఎలా ఉంటుందో నాకు తెలీదు.

అచ్చు కాగితాలు నాన్న గడ్డం గీసుకునే అద్దం వెనక దాచాను. ఇల్లు మారినప్పుడు పోయాయి. పుస్తకం కుట్టేటప్పుడు అమ్మ నా పేజీలు చూసింది. నా వంక చూసింది. సూదిలో దారం ఎక్కించింది.

అప్పుడే ఫాదర్ గారి దగ్గర ఈ అబద్ధం ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు. చెప్పాను. నీకు మాత్రం చెప్పలేదు. నువ్వు పెద్దయ్యాక చెబుదామనుకున్నాను. పెద్దయ్యావు, పెళ్ళయింది, ఆ కథ నీ పిల్లలకి చెప్పావు. చెప్పడానికి చోటు దొరకలేదు.

మొన్న నీ ఉత్తరం చదివి బీరువా దాకా వెళ్ళాను. తాళం చెవి నా చేతిలోనే ఉంది. ఫోనులో అయితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. అది మరీ సులువనిపించింది.

ఆదివారం ఈ ఉత్తరం అందరి ముందూ చదువు. నా మాట మీద నువ్వు నిలబడవద్దు. పందెం నష్టం నాది. ఆ నాలుగు సంపుటాలూ పంపు, నేను చదువుతాను.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నన్ను క్షమించు.

శౌరమ్మ


కూచిపూడి,
7 ఏప్రిల్ 2025

పెద్దక్కా,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. గురువారం, శుక్రవారం, శనివారం నేను నీతో మాట్లాడలేదు. నువ్వు ఫోను ఆపేశావు కాబట్టి ఆ సంగతి నీకు తెలీదు. అందుకని రాస్తున్నాను. మూడు రోజులు మాట్లాడలేదు, గుర్తుంచుకో.

నలభై రెండేళ్ళు! ఎక్కడ ఏ తగువొచ్చినా "మా అక్క చెప్పింది" అంటే అయిపోయేది. ఇప్పుడు ప్రతిదీ వెనక్కి తీసి చూసుకుంటున్నాను. నేను పుట్టినప్పుడు పనసతొనలా ఉన్నానన్నావు. అదీ కల్పితమేనా? నా కుక్కపిల్ల బందరులో ఎవరో డాక్టరు గారింట్లో సుఖంగా ఉందన్నావు. దాని సంగతి ఇప్పుడు అడగనులే.

నిన్నటి సభ గురించి చెబుతాను.

నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకునే వెళ్ళాను. పదకొండు మందీ వచ్చారు. రామతులసి గారు నాలుగు సంపుటాలూ సంచిలో వేసుకుని మరీ వచ్చింది. వెంకటరత్నమ్మ గారు ఎర్ర గుడ్డ విప్పి వాళ్ళ పుస్తకం తీశారు. చక్కటి కాలికో బైండు. అందరం మీదకి వంగాం. చివరికి తిప్పితే, అక్కా, చివరి వారం లేదు! ఇరవై ఆరో వారంతో ఆగిపోయింది.

"ఇంకేం, తేల్చేవాళ్ళే లేరు. శాలిని గారు గెలిచినట్టే" అంది బ్లెస్సీ, చప్పట్లు కొడుతూ.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. బ్యాగు జిప్పు మీద నా చెయ్యి ఉంది. వేసే ఉంచితే నేను కన్వీనరుని, నువ్వు సత్యహరిశ్చంద్రుడివి, రామతులసి గారి మోత వృథా. నీ మీద ఎంత కోపంగా ఉన్నానంటే, నిన్ను కాపాడాలని అస్సలు లేదు. కానీ నువ్వు చదవమన్నావు. ఇంతకాలం నీ మాట విన్నదాన్ని, అబద్ధమని తెలిసిన వారమే మానెయ్యడం ఏం బాగుంటుంది?

తీసి చదివాను. అద్దం వెనక దాచిన చోట కొంచెం ఆగాల్సొచ్చింది. అమ్మ సూదిలో దారం ఎక్కించిన చోట బ్లెస్సీ అందుకుని చదివింది.

చదవడం అయింది. వెంకటరత్నమ్మ గారు ఎర్ర గుడ్డ మడతపెడుతూ అన్నారు: "నా ప్రతిలో చివరి వారం పోలేదర్రా. నేనే చించి కుంపట్లో వేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. ఇరవై ఆరు వారాలు ఎదురుచూపించి పిల్లని నీళ్ళలోకి నడిపిస్తాడా అని మండిపోయింది. ఆ రాసినాయనకి కార్డు కూడా రాశాను. జవాబివ్వలేదు."

"అంటే చివర ఏమవుతుందో మీకు మొదట్నుంచీ తెలుసా?" అని అడిగాను.

"తెలుసు. మరి నువ్వు పెళ్ళి అన్నావు కదా. నేనే తప్పు చదివానేమో, చించినప్పుడు ఏ కాగితమో అతుక్కుపోయి పుస్తకంలోనే మిగిలిందేమో, ఆ పెళ్ళి చూడలేదేమో అనుకున్నా. డెబ్బై రెండేళ్ళు వచ్చి, చరిత్ర పాఠాలు చెప్పిన దాన్ని, నిచ్చెన వేయించి అటకంతా దులిపించా. ఎందుకనుకున్నావు? మీ అక్కని పట్టివ్వడానికా?"

ఇక రామతులసి గారు. సంచి కాలితో కుర్చీ కిందకి తోసి, "పందెం అంటే మాటవరసకి అన్నాంలెండి. ఈ పెళ్ళి విందు మళ్ళీ ఒకసారి చదవండి, గోంగూర దగ్గర్నుంచి" అంది.

సంఘం నిలిచింది. నేను ఇంకా కన్వీనరునే.

తీర్మానాలు రాసుకో. ఒకటి, నీ పదకొండు పేజీలనే ఈ సంఘం ముగింపుగా స్వీకరించింది. రెండు, చరిత్ర పరువు దక్కడం కోసం వెంకటరత్నమ్మ గారు ఎర్రసిరాతో దిద్దారు: పండుమిరపకాయలు కొట్టేసి మిరియాలు, కొవ్వొత్తులు కొట్టేసి నూనెదివ్వెలు, కొండ కొట్టేసి దిబ్బ. తొమ్మిది రోజుల ప్రార్థన దగ్గర మాత్రం కలం ఆపారు. "ఇది రాసినావిడని అడిగి చెప్పు" అన్నారు. మూడు, 27న నువ్వు స్వయంగా వచ్చి మా ముందు కూచోవాలి. ఈస్టరు అయిపోతుంది, సాకులు చెల్లవు.

ఇక నా సొంత ప్రశ్న ఒకటి. ఇది సంఘం అడగలేదు, నేనే అడుగుతున్నాను. మందు మింగించడానికే అయితే ఒక్క ముక్క, ఓడ వచ్చేసిందని చెబితే చాలు. పదకొండు పేజీలు ఎందుకు రాశావు? నేను చచ్చిపోతాననుకున్నావా?

కోపం సగం తగ్గిన,
శాలిని


గుణదల,
12 ఏప్రిల్ 2025

చెల్లి శాలినికి,

రేపు మ్రానికొమ్మల ఆదివారం. కొమ్మలు కోసి నీళ్ళలో పెట్టి ఇది రాస్తున్నాను.

నువ్వు చదివావని తెలిసి ఒళ్ళు తేలికైంది. 27న పొద్దున బస్సుకి వస్తాను. బాలశౌరి కారులో దింపుతానన్నాడు, దారంతా మాట్లాడతాడని వద్దన్నాను.

పుట్టినప్పుడు నువ్వు పనసతొనలా లేవు. నల్లగా, ముడతలు పడి ఉన్నావు. నాకు మాత్రం బాగున్నావు. కుక్కపిల్ల సంగతి నువ్వు అడగలేదు, నేను చెప్పను.

వెంకటరత్నమ్మ గారికి నమస్కారాలు చెప్పు. మిరియాలు సరే. దివ్వెలు సరే. దిబ్బ కూడా సరే. తొమ్మిది రోజుల ప్రార్థన ఆవిడ ఇష్టం. కొట్టేసినా నేనేమీ అనుకోను. అది మాత్రం కల్పించలేదు. రోజూ బడి వదిలాక చెప్పులు చేత్తో పట్టుకుని కొండెక్కేదాన్ని.

నీ ప్రశ్నకి జవాబు. అనుకున్నాను.

డాక్టరు గారు గుమ్మం దగ్గర అమ్మతో అన్న మాట నేను విన్నాను. విననట్టే లోపలికి వచ్చాను. నువ్వు చేయి చాపి పత్రిక ఏదని అడిగావు. ఒక్క ముక్కతో సరిపెడితే నువ్వు వెంటనే నిద్రపోతావని భయమేసింది. అందుకే విందు, పచ్చడి, కొండ, ఊరేగింపు. ఎంత చదివితే అంతసేపు నువ్వు కళ్ళు తెరిచే ఉంటావు. పదకొండో పేజీకి చెయ్యి లాగేసింది, ఆపాను. లేకపోతే నాగసిరి మనవలకి కూడా పెళ్ళిళ్ళు చేసేదాన్ని.

మర్నాడు నీకు చెమట పోసి జ్వరం దిగింది. ఆ పేజీల వల్లే దిగిందని నేను ఎవరితోనూ అనలేదు. కాదని మాత్రం నాచేత అనిపించకు.

నిన్ను చూడాలని ఉన్న,
పెద్దక్క